తుడుపు పువ్వు

గోడ మీది తెర జారగానే చౌరస్తా అంతా గొల్లున నవ్వింది. తెర వెనక ఉన్నది గులాబీల బొమ్మ. ఫ్రాన్సులో ఎప్పుడో పోయిన ఒక ముసలాయన తన పెరటి గోడ పక్కన కూర్చుని వేసుకున్న తోట గులాబీలు. ఆయన ఒక్కసారి వేసి ఊరుకున్నాడు, చైనాలో బొమ్మలకు నకళ్లు వేసి బతికే మా దాఫెన్ ఊరివాళ్లు మాత్రం ఇప్పటికీ వేస్తూనే ఉన్నారు. ఆ బొమ్మ ఆరేసి లేని సందు ఈ ఊళ్లో లేదు.

"నక్క తోక తొక్కి వచ్చిందర్రా జిన్‌లాన్!" అని తాడు అవతల జనంలోంచి ఎవరో అరిచారు.

"గులాబీలక్కకి గులాబీలే ఇచ్చారు. ఇంక పోటీ ఎందుకయ్యా? పేరు రాసేసుకుని మమ్మల్ని అన్నానికి వదిలెయ్యండి!"

జిన్‌లాన్ నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. జనం పరాచికాల్లో పడి ఒక సంగతి మరిచిపోయారు. ఆ బొమ్మలో ఆమెకు వచ్చినది పువ్వులు మాత్రమే. ఆకులు ఆమె జీవితంలో ఎన్నడూ సొంతంగా వెయ్యలేదు.

అదెలాగంటే, శింగ్‌నింగ్ కొండల్లో టీ ఆకు కోసుకునే ఇంటి పిల్ల పొట్ట చేత పట్టుకుని ఈ ఊరికి వచ్చింది. వచ్చి గాన్ గురువు కార్ఖానాలో చేరింది. ఆ కార్ఖానాలో గోడ పొడవునా కాన్వాసులు వరసగా తగిలించి ఉండేవి. ఒకడు బొమ్మలోని గోడ రంగు వేసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు పోతాడు. వాడి వెనక ఇంకొకడు ఆకులు వేసుకుంటూ పోతాడు. తడి ఆరకముందే ఆ వెనక పువ్వుల మనిషి రావాలి. గురువు జిన్‌లాన్ వేళ్లు పట్టి చూసి, "టీ చిగురు గిల్లిన చెయ్యి ఇది. పువ్వులకు పెట్టండి" అన్నాడు. అంతే, ఆ మాటతో ఆమె తలరాత రాసేసినట్టయింది.

ఆమెకు ముందు నడిచే ఆకుల మనిషి పెంగ్. అతని ఆకు తడి ఆరకముందే ఆమె పువ్వు వచ్చి దాన్ని ఆనుకునేది. ఆనుకుని ఆనుకుని వ్యవహారం పెళ్లిదాకా వచ్చింది. ఆ పెళ్లిలో, అదే కార్ఖానాలో పక్కన బొమ్మలు వేసే బావ్‌జు, కాస్త మందు పడ్డాక, అందరి ముందూ లేచి నిలబడి దీవించింది: "ఇద్దరూ సగం సగం కుంచెలు. కలిసుంటే ఒక పెయింటరు. పోట్లాడి విడిపోయారో, ఇద్దరూ చెరో చిప్ప పట్టుకోవాలి!" జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. దీవెన మాత్రం నిలిచింది, ఇద్దరూ విడిపోలేదు.

గాన్ గురువు దగ్గర నేర్చుకున్నవాళ్లను ఎక్కడున్నా పోల్చుకోవచ్చు. వాళ్లకు రెండు అలవాట్లు ఉంటాయి. ఒకటి, ఆయన కుంచె కాడతో కాన్వాసు స్టాండు మీద టక్ టక్ మని తట్టగానే గది గదంతా చేతిలో పని ఆపి మూడడుగులు వెనక్కి వేసి బొమ్మను చూడాలి. "దగ్గరుంటే రంగు, దూరం జరిగితే పువ్వు" అనేవాడు. జరగనివాడి పిక్క మీద బెత్తం పడేది. ఏళ్ల తరబడి తిన్న ఆ బెత్తం వల్ల ఆయన శిష్యులు ఇప్పటికీ ఎక్కడ ఎవరు టక్ టక్ మన్నా వెనక్కి జరుగుతారు. వడ్రంగి మేకు కొడుతుంటే జరిగి మురిక్కాలవలో పడ్డవాళ్లూ ఉన్నారు.

రెండోది తుడుపు పువ్వు. చివరి గులాబీ అయ్యాక కుంచెకు మిగిలిన తెలుపూ గులాబీ రంగూ గుడ్డకు తుడిచి పారేయకూడదు. ఎడమ చేతి కింద మూలన, ఆకుల చీకట్లో, మణికట్టు ఒక్కసారి తిప్పి అక్కడ తుడవాలి. అక్కడ ఒక చిన్న తెల్ల గులాబీ పుడుతుంది. గురువు గోడ మీద అంటించుకున్న పాత ఫొటోలో ఆ పువ్వు ఉంది. రంగూ దండగ కాదు, పువ్వూ పూర్తవుతుంది. ఆ పిసినారితనం చూసి శిష్యులు నవ్వుకునేవారు గానీ, ఆ తిప్పు మాత్రం అందరి మణికట్లలోకీ ఎక్కిపోయింది.

ఇక ఆ రోజు చౌరస్తాలో పోటీ ఎందుకు పెట్టారంటే, చూసి వేసే పోటీలో మొదటి ముగ్గురికీ నగరవాసులుగా పేరు ఎక్కిస్తామని పెద్దలు ప్రకటించారు. పేరు ఎక్కితే పిల్లలు నగరం పెద్ద బడిలో కూర్చోవచ్చు. ఎక్కకపోతే ఇక్కడే పుట్టి పెరిగినా సరే, చిన్న బడి అయిపోగానే మూట కట్టుకుని ఎవరి ఊరికి వాళ్లు పోవాలి. జిన్‌లాన్ కూతురు రూయీకి చిన్న బడి ఆ ఏటితో అయిపోతుంది. ఆ పిల్లకు కొండల్లో తన ఊరు ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. కూతురు తన పక్కన ఉండాలా, కొండల్లో మేనమామ ఇంట్లో పరాయి పిల్లలా పెరగాలా అన్నది జిన్‌లాన్ కుంచె మీద ఆధారపడింది. ఆమెకు రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేసింది.

ఇంటికి ఒక్కరే పోటీ చెయ్యాలన్నారు. "నువ్వెళ్లు" అన్నాడు పెంగ్. "ఆకులు నేర్పితే వస్తాయి. పువ్వులు నాకు ఈ జన్మకు రావు."

నేర్పాడు కూడా. "ఆకంటే ఆకుపచ్చ అనుకున్నావుటే? ముందు నలుపు పెట్టు. చీకట్లోంచి ఆకు బయటికి రావాలి, పైన అతికించినట్టు ఉండకూడదు."

"ఇన్నాళ్లూ నువ్వు చేసిన పని ఇంత ఉందా? నిద్రపోతూ వేస్తున్నావనుకున్నానే."

"అనుకుంటావు. పువ్వులోళ్లకి కళ్లు నెత్తికెక్కి ఉంటాయి."

ఇప్పుడు చౌరస్తాలో అతను తాడు అవతల నిలబడి ఉన్నాడు. అతని పక్కన రూయీ. ఆ పక్కన మడత కుర్చీలో గాన్ గురువు, రెండు చేతులూ చేతికర్ర మీద ఆనించి కూర్చున్నాడు. ఊళ్లో సగం మందికి నేర్పిన మనిషని పెద్దలు ఆయన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. జిన్‌లాన్‌కు కుడి పక్క స్టాండు బావ్‌జుది. ఆమె కొడుకును ఇదే తిప్పలతో కిందటేడు హునాన్‌లో చిన్నాన్న ఇంటికి పంపేసింది. పంపిన రోజు నుంచి ఆమె నోరు సగం మూతపడింది. ఊళ్లో గయ్యాళి అని పేరున్న మనిషి అలా మూగబోతే చూడటం కష్టం. వాణ్ని వెనక్కి తెచ్చుకోవడానికే ఆమె ఆ రోజు పోటీకి దిగింది.

టోపీ పెట్టుకున్న పర్యవేక్షకుడు మైకులో చెప్పాడు: "గోడ మీద ఉన్నది ఉన్నట్టు దించాలి. ఒక్క రేకు కూడినా, ఒక్క ఆకు తగ్గినా తీసేస్తాం. నోరు తెరిచి మాట్లాడినవాళ్ల కాన్వాసు వెనక్కి తిప్పేస్తాం. మొదలుపెట్టండి."

జిన్‌లాన్ నలుపుతో మొదలుపెట్టింది. గోడ మీది అచ్చు బొమ్మను ఒకసారి చూడటం, ఒక ఆకు వెయ్యడం. మళ్లీ చూడటం, మళ్లీ ఒక ఆకు. చెమట కంట్లోకి కారుతుంటే భుజానికి తుడుచుకుంది. తనకు రాని పని కనక ప్రతి ఆకునూ కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. మధ్యలో ఒకసారి పెంగ్ వైపు చూస్తే, అతను గడ్డం కాస్త కిందికి దించాడు. బాగానే వస్తోందని అర్థం. అప్పుడు ఆమెకు ఊపిరి ఆడింది.

ఎండ నడినెత్తి మీదికి వచ్చేసరికి ఆకులు అయిపోయాయి. ఇక మిగిలినవి పువ్వులు. ఆమె చెయ్యి పంజరం తలుపు తీసిన పిట్టలా ఎగిరింది. గోడ వైపు చూడనవసరం లేదు. రేకు మీద రేకు, తడి మీద తడి, ఎక్కడ వత్తాలో ఎక్కడ వదలాలో వేళ్లకే తెలుసు. జనం కూడా పక్క స్టాండ్లు వదిలి ఇటువైపు చూడటం మొదలుపెట్టారు. రూయీ కాలి మునివేళ్ల మీద లేచి చూస్తోంది. చివరి గులాబీ అయిపోయింది. గెలిచాననే అనుకుంది జిన్‌లాన్. ఆ సంతోషంలోనే మణికట్టు తిరిగింది. ఎడమ చేతి కింద మూలన చిన్న తెల్ల గులాబీ విచ్చుకుంది.

అప్పుడు తలెత్తి గోడ వైపు చూసింది.

గోడ మీది బొమ్మలో ఆ మూలన ఏ పువ్వూ లేదు. నిఖార్సయిన చీకటి, నాలుగు నల్లటి ఆకులు, అంతే. ఆమె కళ్లు మూసి తెరిచింది. లేదు. ఒక్కసారిగా గురువు గోడ మీది పాత ఫొటో గుర్తొచ్చింది. హాంకాంగ్ వ్యాపారి ఎవరో పుస్తకంలోని బొమ్మను ఫ్లాష్ వేసి తీసిన ఫొటో అది. కెమెరా వెలుగు నున్నటి కాగితం మీద పడి, ఆ మూలన తెల్లటి మచ్చ పడింది. దాన్నే పువ్వనుకున్నాడు గురువు. గురువు అనుకున్నాడు గనక శిష్యులు అనుకున్నారు. ఇన్నేళ్లుగా ఊరు ఊరంతా ఒక ఫ్లాష్ బల్బు వెలుగుకు రేకులు దిద్దుతోంది.

ఖర్మ ఎలా ఉందో చూడండి. చేతకాని ఆకులు ఒడ్డెక్కించాయి. వచ్చిన పువ్వు ముంచేసింది.

"ఇంక కొద్దిసేపే!" అని మైకు అరిచింది.

జిన్‌లాన్ రంగు కత్తి తీసింది. భుజం అడ్డం పెట్టి ఆ పువ్వును మెల్లగా గీకేసింది. కానీ తెలుపు అప్పటికే కింది నలుపులో కలిసిపోయి, మూలంతా పాలు కలిపిన టీ రంగుకు తిరిగింది. దాని మీద మళ్లీ నలుపు, దాని మీద ఆకు. పెంగ్ చెప్పినట్టే పెట్టింది. పూర్తిగా పోలేదు గానీ మూడు వంతులు పోయింది. చూసేవాళ్లు మరీ ముక్కు పెట్టి చూస్తే తప్ప తెలియదు.

అప్పుడు చుట్టూ చూసింది. ముందు వరసలో తెల్ల పువ్వు. వెనక వరసలో తెల్ల పువ్వు. గాన్ గురువు దగ్గర నేర్చుకున్న ప్రతివాడి కాన్వాసు మీదా ఎడమ చేతి మూలన తెల్లగా నవ్వుతోంది. ఒక్క రేకు కూడినా తీసేస్తామన్నారు. అంటే వీళ్లంతా పోయినట్టే. వీళ్లు పోతే మిగిలేవాళ్లు పట్టుమని పదిమంది కూడా ఉండరు. వాళ్లలో గులాబీలు తనలా వేసేవాళ్లు ఎవరూ లేరు.

కుడి పక్కన బావ్‌జు చివరి గులాబీకి ఆఖరి రేకు పెడుతోంది. ఆమె మూల ఇంకా నల్లగా, శుభ్రంగా ఉంది. కుంచె నిండా తెలుపు. ఇంకో క్షణంలో ఆ మణికట్టు తిరుగుతుంది.

నోరు తెరిస్తే తన కాన్వాసు తిప్పేస్తారు. తెరవకుండా, అటు చూడకుండా, బుద్ధిగా నిలబడితే చాలు, కూతురు ఇంట్లో ఉంటుంది. తప్పేముంది? తనేమీ చెరపడం లేదు. ఎవరి కుంచె వాళ్లది, ఎవరి పిల్ల వాళ్లకు. అలా తనకు తాను చెప్పుకుంటూనే రూయీ వైపు చూసింది. పిల్ల చొక్కా చేతి అంచు కొరుకుతోంది. చంటిదిగా ఉన్నప్పుడు ఆ పిల్లను వీపున కట్టుకుని, "నీ కూతురు నా మెడ మీద చొంగ కారుస్తోందే, దాన్ని కూడా బొమ్మలో కలిపెయ్యనా?" అని తిడుతూ రోజంతా బొమ్మలు వేసింది బావ్‌జు. జిన్‌లాన్ జ్వరంతో పడుకున్న నెల అంతా అలాగే వేసింది. అది మరిచిపోదామని జిన్‌లాన్ చూసింది. మరుపు రాలేదు.

బావ్‌జు కుంచె మూల వైపు కదిలింది.

టక్ టక్.

జిన్‌లాన్ కుంచె కాడ స్టాండు మీద రెండుసార్లు మోగింది. ఆ చప్పుడుకు చౌరస్తాలో సగం మంది, నెరిసిన తలలవాళ్లు, కళ్లజోళ్లవాళ్లు, పొట్టలు వచ్చినవాళ్లు, ఒక్క మనిషిలా మూడడుగులు వెనక్కి జరిగారు. బావ్‌జు కూడా జరిగింది, కుంచె గాలిలో ఉండగానే. జరిగాక అలవాటు ప్రకారం బొమ్మను చూశారు. బొమ్మ నుంచి గోడకు చూశారు. గోడ నుంచి మళ్లీ బొమ్మకు చూశారు. ఆ తర్వాత చౌరస్తా నిండా కత్తులతో కాన్వాసులు గీకుతున్న చప్పుడు లేచింది.

పర్యవేక్షకుడు టోపీ సర్దుకుంటూ పరుగున వచ్చాడు. "ఎవరు? ఎవరు సైగ చేసింది? ఎవరు తట్టారో చెప్పండి, లేకపోతే ఈ వరస వరసంతా తిప్పేస్తాను!"

జిన్‌లాన్ చెయ్యి ఎత్తబోయింది.

టక్ టక్ మని రాతి నేల మీద ఇంకో చప్పుడు. గాన్ గురువు చేతికర్ర.

"నేనయ్యా తట్టింది. ముసలాణ్ని, కాళ్లు తిమ్మిరెక్కాయి. తట్టుకోకూడదా?"

అప్పటికే సగం చౌరస్తా మళ్లీ మూడడుగులు వెనక్కి జరిగింది. ఒకావిడ వెళ్లి పర్యవేక్షకుడి మీదే పడింది. జనం ఘొల్లున నవ్వారు. ఆయన ముఖం కందగడ్డలా చేసుకుని, "కర్ర కదపకండి తాతగారూ" అనేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం పేర్లు చదివారు. మొదటి పేరు పక్క వీధి కుర్రాడిది. రెండోది బావ్‌జుది. మూడోది ఎవరిదో వినేలోపే జిన్‌లాన్‌కు తనది కాదని తెలిసిపోయింది. తర్వాత ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి జాలిగా చెప్పాడు: "నీ గులాబీలకు వంక లేదమ్మా. ఈ మూల మురికైంది. ఆవిడ మూల చూడు, ఎంత శుభ్రంగా ఉందో."

శుభ్రంగా ఉండదా మరి, అనుకుంది జిన్‌లాన్. ఏడుపు వచ్చింది గానీ జనంలో ఏడవలేదు.

అందరూ పోయాక గురువు ఆమెను కుర్చీ దగ్గరికి పిలిచాడు. "బల్బు పువ్వు పెట్టించానే మీ అందరిచేతా" అన్నాడు. "అది పోనీ. నువ్వెందుకు తట్టావు?"

"ఏమో గురువుగారూ. చెయ్యి తట్టేసింది."

"అబద్ధాలాడకు. చెయ్యి పువ్వు పెట్టింది. తట్టింది నువ్వు."

ఆ రాత్రి పెంగ్ ఆమె పళ్లెంలో మాంసం ముక్కలన్నీ వేసి, తను వట్టి ఊరబెట్టిన ఆకుకూరతో తిన్నాడు. మర్నాడు బావ్‌జు గిన్నె నిండా మాంసం కూరిన టోఫూ ముక్కలు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"తిట్టవే నన్ను" అంది. "నువ్వు తిడితే గానీ నాకు ముద్ద దిగదు."

"నీ దగ్గర నేర్చుకుని తిడతానులే. కొడుకుని ఎప్పుడు తెస్తున్నావు?"

బావ్‌జు గిన్నె కింద పెట్టి, చెంగు లేని మనిషి కనక మోచేత్తోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. జిన్‌లాన్ కూడా ఏడ్చింది. ఒకరిది సంతోషం, ఒకరిది దుఃఖం. అయినా ఇద్దరూ ఒకే గుమ్మంలో కూర్చుని ఏడ్చారు.

రూయీ మాత్రం తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, పిలిస్తే వచ్చేది, అంతే. వేసవి అయిపోయింది. బట్టల సంచి కట్టుకుని బస్సు స్టాండుకు వెళ్లేదాకా అదే వరస. బస్సు పక్కన నిలబడ్డాక నోరు విప్పింది.

"అమ్మా, నువ్వు తట్టకపోతే నేను ఇక్కడే ఉండేదాన్ని కదూ?"

"ఉండేదానివి."

"అది తెలిసే తట్టావా?"

అబద్ధం చెప్పడానికి చోటుంది. చెయ్యి తట్టేసిందని చెప్పవచ్చు. పిల్ల నమ్మేది కూడా. జిన్‌లాన్ చెప్పలేదు. "తెలిసే తట్టాను."

రూయీ సంచి భుజానికి తగిలించుకుంది. "నేనైతే తట్టేదాన్ని కాదు."

"వద్దులే. నువ్వు తట్టకు తల్లీ" అంది జిన్‌లాన్. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

పిల్ల ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే సంచి అక్కడే పడేసి, వెనక్కి దిగి వచ్చి తల్లి మెడ కరుచుకుంది. చిన్నప్పుడు బావ్‌జు వీపు మీద కరుచుకున్నట్టే, ఊపిరాడకుండా పట్టుకుంది. డ్రైవరు కేకేస్తే వదిలి మళ్లీ ఎక్కింది. జిన్‌లాన్ కిటికీ దగ్గరికి వెళ్లి, అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది. అంత దగ్గర నుంచి ఆమెకు కూతురి చెంప ఒక్కటే కనిపిస్తోంది. ఆ చెయ్యి తీసే ఉద్దేశం ఆమెకు లేదు.

వెనక నుంచి సామాన్ల కుర్రాడు బస్సు రేకు మీద రెండుసార్లు తట్టాడు, పోనిమ్మని.

టక్ టక్.

జిన్‌లాన్ కాళ్లు మూడడుగులు వెనక్కి జరిగాయి. అక్కడి నుంచి కిటికీలో కూతురు మొత్తం కనిపించింది. ఆమె చూస్తుండగానే బస్సు కదిలింది.